ఏం పని మీద వచ్చినవ్?

తిరిగి ఆడది, తిరక్క మగాడు చెడిపోతారని మనకొక సామెత ఉంది. ఎవరో ఒక రోజు కూర్చుని రాసిన శాసనం కాదది. ముత్తవ్వల నోటి నుంచి అవ్వల నోటికి, అక్కడి నుంచి అమ్మల నోటికి వచ్చింది. మగవాడు నాలుగూళ్ళు తిరిగితే లోకం చూసినవాడవుతాడు, నలుగురిలో మాట చెల్లుతుంది. అదే ఆడది తిరిగితే? గడప దాటింది, బజారుకెక్కింది, కాలు ఒక చోట నిలవదు. నడక ఒకటే అయినా నడిచే ఒంటిని బట్టి దానికి పేర్లు మారిపోతున్నాయి. మన భాషే మన కాళ్ళకి కాపలా కాస్తోంది.

ఈ మాటల్ని దగ్గర పెట్టుకుని హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట గుట్టల చరిత్ర చదివితే ఒక విచిత్రం కనబడుతుంది. ఈ గుట్టలమీద ఆడవాళ్ళు నడవని కాలం లేదు. కట్టెల కోసం ఎక్కారు. మేకల వెంట, గడ్డి కోసం ఎక్కారు. బతుకమ్మ పండుగొస్తే తంగేడు, గునుగు పూల కోసం ఆడపిల్లలు గుంపుగా పోయారు. చలికాలం మొదలయ్యే వేళ సీతాఫలాలు తెంపి, గంపల్లో పేర్చి, నెత్తిన పెట్టుకుని పట్నం దాకా వచ్చి అమ్మారు. వడ్డెర స్త్రీలు ఇదే రాయిని సుత్తెలతో కొట్టి కంకర చేశారు. శివరాత్రికి కీసరగుట్ట జాతరకి ఇంటిల్లిపాదితో కలిసి నడిచారు. అంటే స్త్రీ గుట్ట ఎక్కడం మీద నిషేధం ఎప్పుడూ లేదు. కాకపోతే పనో, భక్తో, కుటుంబమో ఏదో ఒకటి వెంట ఉండాలి. ఏమీ లేకుండా ఒక్కతే, ఊరికే నడవడానికే అనుమతి లేదు.

దారుల చరిత్ర మనకి మగవాళ్ళు రాసిపెట్టారు. మద్రాసు సుప్రీంకోర్టులో పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. హైదరాబాదు దాటాక ఆయన పట్టుకున్నది నిర్మల్ మీదుగా నాగపూర్ పోయే ఉత్తరపు దారి. ఇప్పుడు మేడ్చల్ గుండా పోయే జాతీయ రహదారి కూడా ఆ దిక్కుకే పోతుంది. మజిలీ మజిలీకీ ఊళ్ళు, నీళ్ళు, దొరికే సరుకులు ఆయన రాసుకున్న తీరు నిజంగా గొప్పది. ఆ పరివారంలో తల్లి, భార్య కూడా ఉన్నారు. వాళ్ళు చూసిన దారి ఎలా ఉండేది? ఏ మజిలీలో వాళ్ళకి ఊపిరాడింది, ఎక్కడ భయమేసింది? ఆ పుస్తకంలో వాళ్ళున్నారు గానీ వాళ్ళ చూపు లేదు. పల్లకీలు మోసిన బోయీల చూపూ లేదు. మన ఆడవాళ్ళు ప్రయాణం చేసి తమ కళ్ళతో చూసింది తామే రాయడానికి ఇంకో నాలుగు దశాబ్దాలు పట్టింది. 1870లలో ఇంగ్లండు వెళ్ళొచ్చి రాసిన పోతం జానకమ్మ ఆ తొలి వరసలో నిలుస్తుంది. ఆమె ప్రయాణమూ భర్తతో కలిసి చేసిందే.

మరి స్వతంత్రంగా తిరిగిన ఆడవాళ్ళే లేరా? ఉన్నారు. ఇప్పటి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనే ఉన్న మౌలాలి గుట్ట కింద అలాంటి ఒకామె నిద్రపోతోంది. ఆమె మహ్‌లఖా బాయి చందా. 1768లో పుట్టింది. ఉర్దూలో దివాన్ కూర్చిన తొలి స్త్రీలలో ఒకరు. రెండో అసఫ్ జా నిజాం అలీఖాన్ దర్బారులో గౌరవం, జాగీర్లు పొందింది. మగ దుస్తులు వేసుకుని నిజాం వెంట వేటకీ, యుద్ధయాత్రలకీ వెళ్ళింది. తల్లి రాజ్ కున్వర్ కోసం 1792లో ఈ గుట్ట పాదాన సమాధి కట్టించి, చుట్టూ తోట వేయించింది. 1824లో పోయాక ఆమెనీ అక్కడే, తల్లి పక్కనే ఉంచారు. కూలిపోయే స్థితిలో ఉన్న ఆ కట్టడాన్ని 2010 తర్వాతే బాగుచేశారు.

మహ్‌లఖాకి గుర్రమెక్కే స్వేచ్ఛ ఎలా వచ్చింది? ఆమె ఎవరి ఇల్లాలూ కాదు కాబట్టి. తవాయఫ్ కాబట్టి. పరదా వెనక ఉన్న బేగములకి లేని దారులు ఆమెకి తెరుచుకున్నాయి. ఆ దారులకి ఆమె కట్టిన సుంకం, 'కుటుంబ స్త్రీ' అనే మర్యాద. ఇంట్లో ఉంటే మర్యాద, బయట తిరిగితే స్వేచ్ఛ, రెండూ ఒకే ఆడదానికి ఉండకూడదన్నది ఆనాటి లెక్క. ఆనాటిదేనా?

1940లలో ఒక్కసారి ఆ లెక్క తప్పింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్ళు రాత్రిళ్ళు కబుర్లు మోశారు, దళాలతో గుట్టలూ అడవులూ నడిచారు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకంలో వాళ్ళు తమ గొంతుతో మాట్లాడారు. పోరాటం ఆగిన తర్వాత ఇంటికి పొమ్మన్నప్పుడు కలిగిన దిగులు ఆ మాటల్లో వినిపిస్తుంది. నడిచినన్నాళ్ళూ వాళ్ళ నడకకి ఉద్యమం అనే పని ఉంది. పని అయిపోయింది, నడకా అయిపోయింది.

ఇక 1978 మార్చిని మనం మర్చిపోగలమా? రమీజా బీ చేసిన తప్పల్లా భర్తతో కలిసి రాత్రి సినిమా చూసి ఇంటికి నడిచి రావడం. పోలీసులు ఆమెని పట్టుకుపోయారు, అత్యాచారం చేశారు. అడిగినందుకు రిక్షా తొక్కుకుని బతికే భర్త అహ్మద్ హుస్సేన్‌ని కొడితే అతను చచ్చిపోయాడు. నగరం భగ్గుమంది. ముక్తదర్ కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదనంతా ఆమెని వేశ్యగా నిరూపించాలని చూడడమే. కమిషన్ పోలీసులని తప్పుపట్టింది. కానీ కేసు కర్ణాటకలోని రాయచూరుకి మారి, 1981లో నిందితులు విడుదలయ్యారు. రాత్రి పూట రోడ్డు మీద కనబడిన పేద ముస్లిం స్త్రీ ఎవరై ఉంటుందో సామెత ముందే తీర్పు చెప్పేసింది. కోర్టులో మొదలైన వాదన ఆ తర్వాతది. స్త్రీశక్తి సంఘటన లాంటి బృందాలు ఈ నగరంలో పుట్టింది ఆ కోపంలోంచే.

2019 నవంబరులో నగరానికి దక్షిణాన, శంషాబాద్ టోల్‌గేటు దగ్గర ఒక యువ పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం తర్వాత మన ఇళ్ళలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. డిసెంబరు 6న నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఊళ్ళు పూలు చల్లి, టపాకాయలు కాల్చాయి. ఆ ఎదురుకాల్పుల కథ నమ్మదగినది కాదని సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. టపాకాయల మోత ఆగేలోపే ఆడపిల్లలకి మాత్రం జాగ్రత్తల జాబితాలు అందాయి. ఎక్కడికి పోతున్నావో చెప్పు, లొకేషన్ పంపు, చీకటి పడేలోపు రా. నేరం మగవాడిది, కర్ఫ్యూ ఆడదానికి. రక్షణ పేరుతో దారులు మూయడం కన్నా సులువైన పని ప్రభుత్వాలకీ, కుటుంబాలకీ ఇంకోటి లేదు.

ఇలాంటి చోట 2023 డిసెంబరు 9న ఒక చిన్న తలుపు తెరుచుకుంది. మహాలక్ష్మి పథకం కింద తెలంగాణలో ఆడవాళ్ళకీ, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకీ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో టికెట్టు లేకుండా పోయింది. 'ఆడవాళ్ళు పనీపాటా లేకుండా బస్సులెక్కి తిరుగుతున్నారు' అనే ఎకసెక్కాలు వెంటనే మొదలయ్యాయి. చూశారా, మళ్ళీ అదే పని, అదే తిరగడం. జీరో టికెట్టు మిగిల్చిన డబ్బు గురించి చాలామంది రాశారు. నాకు అంతకన్నా పెద్దది అనిపించింది వేరే ఉంది. ఎవరినీ డబ్బులడగక్కరలేదంటే ఎవరికీ కారణం చెప్పక్కరలేదు.

ఆ ధైర్యంతోనే మొన్న చలికాలంలో ఒక పొద్దున, ముందు రోజు దాకా అనుకోని ప్రయాణం ఒకటి చేశాను. జూబ్లీ బస్‌స్టేషన్‌లో కరీంనగర్ రోడ్డు బస్సెక్కి, అల్వాల్, హకీంపేట, తూముకుంట దాటి శామీర్‌పేటలో దిగాను. చెరువు కట్ట మీద కాసేపు నిలబడి, కనబడిన గుట్ట వైపు కాలిబాట పట్టాను. ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు నిలబడ్డ గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం, పరికి, తంగేడు. సగం దూరంలో ఒక కొత్త కంచె, దాని దగ్గర ఒక కాపలా మనిషి. 'మీ సారు ఎక్కడున్నరు?' అని అడిగాడు. సారు లేడంటే ఆయన ముఖంలో నా మీద కోపం కన్నా భయమే ఎక్కువ కనిపించింది.

చుట్టూ తిరిగి పైకెక్కాక మేకలు కాసుకుంటున్న ఒక పెద్దామె ఎదురైంది. 'ఏం పని మీద వచ్చినవ్ బిడ్డా?' అంది. పనేం లేదు, ఊరికే వచ్చానన్నాను. నమ్మలేదు. 'ఊకెనే ఎవలన్న గుట్టెక్కుతరా?' అని నవ్వింది. కాసేపు ఆలోచించి, 'చిన్నప్పటి సంది ఎక్కుతనే ఉన్న. ఊకెనే ఎన్నడు ఎక్కలే' అంది.

ఈ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. వర్జీనియా వుల్ఫ్ 1927లో లండన్ వీధుల్లో సాయంత్రం తిరగడం గురించి రాసిన వ్యాసంలో, బయటికి రావడానికి ఒక పెన్సిలు కొనుక్కోవాలనే సాకు పెట్టుకుంటుంది. 2011లో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబయి గురించి రాసిన 'వై లాయిటర్?' ఆ సాకునే తీసేయమంటుంది. నగరంలో ఊరికే నిలబడడం, తిరగడం స్త్రీల హక్కు అంటుంది. ఆ వాదన నాదీ. కానీ శామీర్‌పేట గుట్ట మీద దానికి ఇంకో వాక్యం కలపాలి. మధ్యతరగతి స్త్రీకి కావలసింది సాకు అక్కరలేని నడక. మేకలు కాసే స్త్రీకి ముందు కావలసింది పని నుంచి ఒక పూట విరామం. ఒకరిది దారి లేని సమస్య, ఇంకొకరిది తీరిక లేని సమస్య. రెండూ తీరితేనే గుట్ట ఇద్దరిదీ అవుతుంది.

అప్పటికి గుట్ట ఉంటుందా అనేది మూడో ప్రశ్న. 1996లో మొదలైన 'సొసైటీ టు సేవ్ రాక్స్' వాళ్ళు ఈ రాళ్ళ కోసం దశాబ్దాలుగా మాట్లాడుతున్నారు, జనాన్ని వెంటబెట్టుకుని రాళ్ళ మధ్య నడుస్తున్నారు. అయినా క్వారీలూ, వెంచర్లూ, గేటెడ్ కాలనీలూ వాటిని తింటూనే ఉన్నాయి. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వేశారు. దాని మీద కాలినడకకి చోటు లేదు. కండ్లకోయలో ఆ రోడ్డు పక్కనే అటవీశాఖ ఆక్సిజన్ పార్కు పెట్టింది. మంచిదే. కానీ పార్కుకి గేటు ఉంటుంది, వేళలుంటాయి. కట్టెలు ఏరుకునే ఆమె అందులోకి రాలేదు. పోరంబోకు గుట్ట కంచె లోపలికి పోయిన ప్రతిసారీ మొదట ఆగిపోయేది కట్టెలకీ, గడ్డికీ, పూలకీ పోయే ఆడవాళ్ళ కాలిబాటలే. పటాల్లో ఎప్పుడూ ఎక్కలేదు గనుక అవి పోయినట్టు రికార్డు కూడా ఉండదు.

అందుకే ఈ చరిత్ర రాయడం అవసరం. మన ఊరి పక్క గుట్ట మీద ఏ దారిలో ఎవరు నడిచారో అవ్వల్ని అడిగి రాసిపెడదాం. కంచె పడకముందు దాని పేరేమిటో, ఏ బండ మీద గంప దించి ఊపిరి పీల్చుకునేవారో అడుగుదాం. మన పిల్లలకి మాత్రం ఆ సామెతని యథాతథంగా అప్పగించొద్దు. తిరిగి చెడిపోయిన ఆడవాళ్ళెవరూ నాకు ఈ చరిత్రలో కనబడలేదు. తిరగనివ్వక చెడగొట్టిన బతుకులు మాత్రం లెక్కకి అందవు.