బాల్యోపనామ చరిత్రము

మన సంఘ వార్షిక మహాసభా సంచికకు చరిత్రవిషయకమైన వ్యాసమొకటి వ్రాయవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. గోత్రములు, ఇంటిపేర్లు, పూర్వులు వలసవచ్చిన గ్రామములు మున్నగువానిని గూర్చి యిట్టి సంచికలయందు పెద్దలు విరివిగా వ్రాసియున్నారు. వంశవృక్షమున కెక్కక, జనుల నాలుకపై మాత్రము నిలుచు పేరు మఱియొకటి కలదు. అది బాల్యమున ఇంటివారో, వీథివారో, తోడి బాలురో పెట్టిన మారుపేరు. బుజ్జి, చంటి, చిట్టి, బుల్లి, అబ్బాయి, పాపాయి యని తొట్టిలో మొదలైన పిలుపు షష్టిపూర్తి నాటికిని విడువదు. తల నెరసిన వృద్ధుని ఊరెల్ల "చంటిగారు" అనుటయు, మునిమనుమల నెత్తిన యిల్లాలిని "పాపాయమ్మగారు" అనుటయు మన మెఱుగని విషయములు కావు. ఈ పేర్ల పుట్టుకను, వాని బలమును విచారించి, వానియెడ మనకు గల కర్తవ్యమును మనవి చేయుట యీ వ్యాసోద్దేశము.

ఒక శిశువునకు ఒక్క పేరు చాలదా యని కొందఱడుగవచ్చును. చాలదనియే మన ప్రాచీనాచారము. ఆశ్వలాయన గృహ్యసూత్రము శిశువునకు వ్యవహారనామమును విధించి, అభివాదనీయ నామమును వేఱుగ నేర్పఱచి, అది యుపనయనము వఱకు తల్లిదండ్రులకు మాత్రమే తెలియవలెనని శాసించినది. నక్షత్రమును బట్టి వచ్చు పేరును మఱికొందఱు గృహ్యకారులు చెప్పిరి. ఒక్కొక్క పేరున కొక్కొక్క ప్రయోజనము కలదని పూర్వులు తలచిరన్నమాట. గుట్టుగ నుంచవలసిన పేరొకటి యున్నప్పుడు, వీథిలో నెలుగెత్తి పిలుచుటకు వేఱొకటి కావలయును గదా!

రెండవ కారణము మర్యాద. తాతపేరు మనుమనికి పెట్టుట తెలుగునాట చిరకాలపు వాడుక. మామగారి పేరు కోడలు నోట పలుకరాదనుటయు పూర్వాచారమే. ఈ రెండు నియమములును ఒక్క తొట్టియొద్ద కలిసినచో తల్లి యేమి చేయగలదు? తన కన్నబిడ్డనే పేరుపెట్టి పిలువజాలక, "అబ్బాయీ" యనియో, "నాయనా" యనియో, "తాతా" యనియో పిలిచినది. ఆ పిలుపునే తోబుట్టువులును, పిదప ఊరివారును అందుకొనిరి. ఇట్టిది చక్రవర్తుల యింటను జరిగినది. 1569వ సంవత్సరమున జన్మించిన జహంగీరునకు షేక్ సలీం చిష్తీ యను మహనీయుని పేరు పెట్టిరి. కాని తండ్రియైన అక్బరు తన్నెన్నడును సలీమని పిలువలేదనియు, "షేకూబాబా" యనియే పిలుచుచుండెననియు జహంగీరు స్వీయచరిత్రమున వ్రాసికొన్నాడు. పూజ్యుని పేరు పలుక నోరాడకపోవుటలో మన కోడండ్రకును ఆ చక్రవర్తికిని భేదము కానరాదు.

మూడవ కారణము భయము. పుట్టిన బిడ్డలు వరుసగ పోవుచుండగా, పిదప కలిగిన శిశువును మృత్యువు కోరకుండునట్లు హీనమైన పేరు పెట్టుచుండిరి. పెంటకుప్పపై పరుండబెట్టి తీసికొనిన బిడ్డ పెంటయ్య; పుల్లివిస్తళ్లపై నుంచి యెత్తుకొనిన బిడ్డ పుల్లయ్య; పొరుగువారికి చేరెడు తవుటికి అమ్మి మరల తెచ్చుకొనిన బిడ్డ తవిటయ్య. ఆడుబిడ్డలైనచో పెంటమ్మ, పుల్లమ్మ, తవుడమ్మ. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో మనదేశమున వేయిమంది శిశువులు పుట్టినచో, సుమారు 200 మంది యేడాది నిండకమునుపే గతించుచుండిరి. నేడా సంఖ్య 30కి లోపుగా నున్నది. కనుక ఆ పేర్లను విని నవ్వువారు, వాని వెనుక ఒక తల్లి కడుపుకోత కలదని తెలిసికొనవలయును. పెంటయ్య యను పేరు అవమానము కాదు, ప్రార్థన.

ఇవి యన్నియు ప్రేమవలన పుట్టినవి. ప్రేమ లేక పుట్టిన పేర్లును కలవు. ఐతరేయ బ్రాహ్మణమునందు అజీగర్తుడను పేదబ్రాహ్మణునకు ముగ్గురు కుమారులు. శునఃపుచ్ఛుడు, శునఃశేపుడు, శునోలాంగూలుడు అని వారి పేర్లు. మూటికిని కుక్కతోక యనియే యర్థము చెప్పుదురు. క్షుద్బాధచే నడవిలో నలమటించుచున్న తండ్రి జ్యేష్ఠుని వదలనన్నాడు. తల్లి కనిష్ఠుని వదలనన్నది. నడిమివాడైన శునఃశేపుడు నూఱు గోవులకు యజ్ఞపశువుగ అమ్ముడుపోయెను. యూపమునకు కట్టబడియుండి దేవతలను స్తుతించి బంధవిముక్తుడైన పిమ్మట విశ్వామిత్రు డాతని పుత్రునిగ స్వీకరించెను. దేవదత్తుడు గనుక దేవరాతుడను దివ్యమైన పేరును గలిగెను. ఐనను ఋగ్వేద ప్రథమమండలమున 24 మొదలు 30 వఱకు గల సూక్తములకు ఋషి యెవరన్నచో, నేటికిని శునఃశేపుడనియే చెప్పుచున్నాము. నిందార్థమున షష్ఠీవిభక్తి లోపింపదని పాణిని అష్టాధ్యాయి ఆఱవ యధ్యాయమున విధింపగా, దానిపై వార్తికము ఈ సోదరుల పేర్లను ప్రత్యేకముగ నెత్తుకొన్నది. కన్నతండ్రి పెట్టిన పేరు వ్యాకరణమునకు కూడ నెక్కిపోయినది. దేవత లిచ్చిన పేరు దానిని తుడిచివేయజాలకపోయినది.

రాజాధికారమును దానిని తుడువజాలదు. రోముచక్రవర్తి గేయసు పసితనమున తండ్రితోగూడ సేనాశిబిరములం దుండి, సిపాయిల పాదరక్షలవంటి చిన్ని పాదరక్షలను తొడుగుచుండెను. సిపాయిలు ముచ్చటపడి "చిన్నిచెప్పు" అను నర్థము వచ్చునట్లు కలిగులా యనిరి. అతడు క్రీ.శ. 37లో సింహాసన మెక్కి, ఆ పేరుతో పిలిచిన సేనానాయకుని శిక్షింపక విడువలేదని సెనెకా వ్రాసెను. 41లో హతుడయ్యెను. లోకము మాత్ర మాతనిని కలిగులా యనియే యెఱుగును. మన వేంగీదేశమున చాళుక్యరాజ్యమును స్థాపించిన విష్ణువర్ధనుని చరిత్ర దీనికి భిన్నమైనది. కుబ్జుడనునది యాతని దేహమును బట్టి వచ్చిన పేరు. విషమసిద్ధి యను బిరుద మున్నను, వంశీయులు తమ తామ్రశాసనములలో మూలపురుషుని కుబ్జవిష్ణువర్ధనుడనియే నిస్సంకోచముగ చెక్కించుకొనిరి. ఆ వంశమున విష్ణువర్ధనులు పెక్కండ్రు కలిగిరి గావున, వారిలో మొదటివానిని గుర్తించుటకు ఆ పేరే యుపకరించినది. పేరును ద్వేషించినవాడు దానిచేతనే పరిహాసపాత్రు డయ్యెను. వంశము గౌరవించి నిలుపుకొనిన పేరు చరిత్రకు దీప మయ్యెను.

ప్రేమతో పెట్టిన పేరు ఎంతయెత్తున కెక్కునో చూడుడు. అల్లరి చేసిన బాలుని తల్లి త్రాటితో నడుమునకు కట్టినందున వ్రేపల్లెవాసులు దామోదరు డనిరి. ఆ గోకులపు పిలుపే కేశవనామములలో పండ్రెండవదై, ఆచమనవేళ నిత్యమును స్మరింపబడుచున్నది. తాళ్లపాక అన్నమాచార్యుల మనుమడు తిరువేంగళనాథుడు అన్నమాచార్య చరిత్రమును ద్విపదగ రచించిన విద్వాంసుడు. ఐనను ద్విపద మాటవచ్చినపుడు చాటువు తలచునది చిన్నన్ననే. మనకాలమున కాకినాడలో 1936లో జన్మించిన వైణికునకు తల్లిదండ్రులు పెట్టిన పేరు హనుమాన్లు. దేశదేశముల సభలు వినినది మాత్రము చిట్టిబాబు వీణనే.

దీనినుండి మేము గ్రహించిన దేమన, మనుష్యుడు తన యుద్యోగమును, ఊరును, వేషమును మార్చుకొనగలడు గాని, పసితనమున పరులు పెట్టిన పేరును తనంతట మార్చుకొనజాలడు. కావున దానిమంచిచెడ్డలకు పెట్టినవారే బాధ్యులు. మా యుపాధ్యాయవృత్తిలో నత్తిగల బాలు నొకనిని తోడివారు "నత్తోడా" యని పిలువగా, పాఠము చక్కగ వచ్చియు వాడు నోరు మెదపకుండుటను చూచితిమి. పట్టీలో నున్న పేరుతోనే ప్రతిదినమును గౌరవముగ పిలువగా, కొన్నినెలలకు వాడు లేచి పద్యము చదివెను. కుంటి, మెల్ల, గూని, నల్లి యను పిలుపులు మన యిండ్లలో విననగుచునే యున్నవి. చుట్టములే వానిని మొదలుపెట్టుదురు; తఱువాత లోకము కొనసాగించును. ఇట్టి పేర్లు మన పిల్లల నంటకుండ చూచుట పెద్దల మొదటి విధి.

రెండవది చరిత్రకు సంబంధించినది. వంశవృక్షములు వ్రాయించు కుటుంబములవారు దస్తావేజులోని పేరును మాత్రమే వ్రాయుచున్నారు. తాతగారి సోదరుని ఊరెల్ల బుల్లబ్బాయిగా రనియే యెఱిగియున్నచో, దస్తావేజులోని వేంకటరామయ్యయు ఆయనయు ఒక్కరేయని రెండుతరముల పిమ్మట చెప్పగలవా రెవరు? ఒక్కరు ఇద్దఱగుదురు, లేదా ఇద్దఱు ఒక్కరగుదురు. స్త్రీల విషయ మింకను శోచనీయము. మన ముత్తవలలో ననేకులకు "అమ్మాయమ్మ", "పాపమ్మ" యను పిలుపు తప్ప వేఱు గుర్తు మిగులలేదు. కొందఱి కదియు లేక, "ఫలానివారి భార్య" యని మాత్రమే వ్రాయబడియున్నది. కావున వంశవృక్షములయందు అసలుపేరు ప్రక్కన పిలుపుపేరును, అది యెవరు పెట్టిరో, యేల వచ్చెనో యొక్క వాక్యమును చేర్చవలయునని కులబాంధవులకు మా విన్నపము. దీనికి వ్యయము లేదు. ఇంటనున్న వృద్ధులను కూర్చుండబెట్టి యడిగిన చాలును. పుస్తకములలో లేని యా విషయము వారితోడనే పోవునది. సభకు వచ్చిన వారందఱును ఇండ్లకు మరలినవెంటనే, ముందుగ అవ్వలనే యడిగి వ్రాసికొందురు గాక.