కోనసముద్రం ఉక్కు కత్తుల గుర్తింపు

కోనసముద్రం ఉక్కు, తెలంగాణలోని నిజామాబాదు జిల్లాకు చెందిన కోనసముద్రం గ్రామంలో మట్టి మూసలలో కరిగించి తయారుచేసిన అధిక కర్బనపు ఉక్కు. ఈ జాతి ఉక్కును ఐరోపావారు వూట్జ్ అని పిలిచారు. ఉక్కు అనే మాటే ఈ పేరుకు మూలమని పలువురు పండితుల అభిప్రాయం. విశాఖపట్నంలోని ఉక్కు కర్మాగారపు నివాసప్రాంతం ఉక్కునగరం పేరులో ఉన్నదీ ఆ మాటే. డమాస్కస్ కత్తులుగా ప్రసిద్ధి చెందిన, నీటి అలల వంటి చారలు గల కత్తులు ఈ జాతి ఉక్కుతో చేసినవి.

చరిత్ర

17వ శతాబ్దంలో ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ ఇటువంటి కత్తులకు పనికివచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుండి వస్తుందని రాశాడు. 1820 ప్రాంతంలో కోనసముద్రం కొలుములను పరిశీలించిన హెన్రీ వోయ్సీ, ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుండి వచ్చిన వర్తకుని గురించి పేర్కొన్నాడు. ఈ పరిశ్రమ 19వ శతాబ్దంలో క్షీణించింది.

గుర్తించే పద్ధతి

జర్మనీలోని జోలింగెన్ కత్తులను సేకరించేవారికి పని కొంత సులువు. వాటిపై తయారీదారు ముద్ర, ఊరి పేరు ఉంటాయి. పశ్చిమ జర్మనీ అని ఉంటే సాధారణంగా 1949, 1990 సంవత్సరాల మధ్యది. జోలింగెన్ పేరును ఇతరులు వాడకుండా 1938లో చట్టమే చేశారు. కోనసముద్రానికి అటువంటి రక్షణ ఏదీ లేదు. ఇక్కడి ఉక్కు ముద్దలుగా ఎగుమతి అయ్యేది. కత్తిపై పడేది దానిని సాగగొట్టిన పర్షియా కమ్మరి పేరు. ఆ పేరు కూడా నమ్మదగినది కాదు. అసదుల్లా అనే ప్రసిద్ధ సంతకాన్ని తరువాతి కాలపు కమ్మరులు అనేకులు వాడుకున్నారు.

కనుక లోహాన్నే చూడాలి. ఇనుము, ఉక్కు రేకులను పొరలుగా అతికి చేసిన కత్తులను కూడా డమాస్కస్ పేరుతోనే అమ్ముతారు. వాటిలో అతుకుల గీతలు కనిపిస్తాయి. వూట్జ్ కత్తిలో అతుకులు ఉండవు. కార్బైడు కణాలు వరుసలుగా పేరుకొనడం వలన చారలు ఏర్పడతాయి. పైపైన ఆమ్లంతో గీసిన నకిలీ చారలు మెరుగు పెడితే పోతాయి. అసలు చారలు మెరుగు పెట్టినా, పలుచని ఆమ్లం పూస్తే తిరిగి కనిపిస్తాయి. అయితే కత్తిని అతిగా కాల్చితే అసలు చారలు కూడా చెరిగిపోతాయి. ఈ పరీక్షలు ఉక్కు జాతిని తెలుపుతాయే గాని ఊరిని తెలుపవు.

2006లో డ్రెస్డెన్‌కు చెందిన శాస్త్రజ్ఞులు ఇటువంటి 17వ శతాబ్దపు కత్తిలో కర్బన నానోనాళికలను గుర్తించారు. ఆ కత్తి స్విట్జర్లాండులోని బెర్న్ మ్యూజియానికి చెందినది.

చట్టం

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళకు పైబడిన ఇటువంటి వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం నుండి ఎగుమతి చేయడం నేరం.