బి.బి.సి. మైక్రో యంత్రము – దాని జీర్ణోద్ధరణము

జీర్ణోద్ధరణమను మాట మనవారికి దేవాలయముల మూలమున పరిచితమైనది. ఒరిగిన గోడను నిలుపుదురు, కారెడు కప్పును బాగుచేయుదురు, కాలమునకు తగినట్లు విద్యుద్దీపములు కూడ పెట్టుదురు. గర్భగుడి జోలికి మాత్రము పోరు. నలువది యేండ్ల నాటి గృహ కంప్యూటర్లను మరల నడిపించువారును ఈ పద్ధతినే అనుసరించుచున్నారన్నచో పాఠకులు చిరునవ్వు నవ్వవచ్చును. ఆ నవ్వును మేమాక్షేపింపము. కాని అట్టి యంత్రములలో నొకదాని కథ వినదగినది. అది ఇంగ్లండులో పుట్టి మన దేశపు పాఠశాలలకును వచ్చినది గనుక దానినే యిచ్చట ఎత్తికొనుచున్నాము.

1970 దశకము చివర బ్రిటనులో మైక్రోప్రాసెసరును గూర్చి గొప్ప కలవరము పుట్టినది. యంత్రములు వచ్చి మనుష్యుల ఉద్యోగములను మ్రింగివేయునని భయము. ఆ కలవరము నడుమ బి.బి.సి. సంస్థ ప్రజలకు కంప్యూటరు విద్య నేర్పదలచి, టెలివిజను పాఠములను తలపెట్టి, వానికి తోడుగా తన పేరిట ఒక యంత్రము కావలెనని నిశ్చయించినది. కేంబ్రిడ్జిలోని ఏకార్న్ అను చిన్న కంపెనీకి ఆ పని లభించెను. 1981లో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ మున్నగువారు నమూనా యంత్రమును ఒక వారములో కట్టి చూపిరి. ఆ సంవత్సరము డిసెంబరులో యంత్రము వెలువడినది. 1982 జనవరిలో పాఠములు మొదలైనవి. 12,000 యంత్రములు అమ్ముడుపోవచ్చునని బి.బి.సి. అంచనా. తుదకు అమ్ముడుపోయినవి 15 లక్షలకు పైబడినవి.

భారత ప్రభుత్వము 1984లో ‘క్లాస్’ అను పేర పాఠశాలలలో కంప్యూటరు విద్యను ప్రవేశపెట్టినప్పుడు ఎన్నుకొన్నది ఈ యంత్రమునే. తొలుత సుమారు 250 పాఠశాలలకు, ఆ పిమ్మట మరి యనేక పాఠశాలలకు ఇవి చేరినవి. వీనిని ఇచ్చటనే కూర్చుటకు మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ సంస్థతో ఒడంబడిక కూడ జరిగినది. మన సంఘ సభ్యులలో ఏబది దాటిన కొందరికైనను ఆ గోధుమవన్నె పెట్టె, నల్లని మీటలకు పైన ఎఱ్ఱని మీటల వరుస జ్ఞాపకముండవచ్చును.

ఇక బాగుచేయుట మాట. ఇన్నేండ్లు మూలబడిన యంత్రమును తెచ్చి, ఆత్రముకొలది ప్లగ్గు తగిలించి మీట నొక్కినచో కొన్ని నిమిషములలో పెట్టె వెనుకనుండి దట్టమైన పొగ వెడలును. గది యంతయు భరింపరాని కంపు నిండును. దీనికి కారణము విద్యుత్సరఫరా పెట్టెలోని రెండు చిన్న కెపాసిటర్లు. కరెంటులోని అలజడిని వడపోయుట వాని పని. వాని లోపల నుండునది లోహపు పూతగల కాగితము; పైనుండునది పారదర్శకమైన గట్టి కవచము. కాలక్రమమున ఆ కవచము సన్నగా బీటలువారును. బీటల గుండ గాలిలోని తేమ లోని కాగితమునకెక్కును. తడిసిన కాగితమునకు ఇంటి కరెంటు తగిలినంతనే అది కాలిపోవును. చిత్రమేమనగా, ఇంత పొగ వచ్చినను చాల సందర్భములలో యంత్రము తన పని తాను చేసికొనుచునే యుండును. ఆ రెండిటిని తీసి, ప్రధాన విద్యుత్తునకు తగినవని పరీక్షింపబడిన నేటి కెపాసిటర్లను టంకముతో అతికినచో ఆ బాధ తీరును. ఖర్చు స్వల్పము. అయితే ఆ పెట్టెలో ప్లగ్గు తీసిన పిమ్మటను 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు నిలిచియుండవచ్చును గనుక, ఎరుగనివారు దానిని విప్పరాదు.

తక్కిన రోగములు ఇంత భయంకరములు కావు. పాదుల యందు కూర్చుండిన చిప్పుల కాళ్లకు త్రుప్పు వంటి పొర పట్టును. మెల్లగా పైకి తీసి మరల నొక్కినచో అనేక పర్యాయములు అదియే మందు. తెరపై బొమ్మను నడిపెడు తొలినాటి చిప్పు మిక్కిలి వేడెక్కునది. దానికి లోహపు రేకు తగిలించి వేడిని తగ్గించిరి. తరువాత అచ్చువేసిన చిప్పు అంత వేడెక్కదు. జ్ఞాపకశక్తి చిప్పులలో ఒకటి చెడినచో ఆ యొక్కదానినే మార్చవచ్చును. పచ్చబడిన పెట్టెను మందులతో తెల్లపరచువారును కలరు. మాకది రుచింపదు, కొన్నాళ్లకు ఆ వన్నె మరల పచ్చబడుటయు కలదు.

ఈ యంత్రమునకు పెంపుదల మాత్రము పుట్టుకతోనే వచ్చినది. ‘మోడల్ ఎ’ అనుదానికి 16 కిలోబైట్ల జ్ఞాపకశక్తియే. ఖాళీగ నుంచిన పాదులలో చిప్పులు పెట్టి 32 కిలోబైట్ల ‘మోడల్ బి’గా మార్చుకొనుట ఆనాటి గృహస్థులు పలువురు చేసిన పని. ఫ్లాపీని నడుపుటకు మొదట వాడిన చిప్పు దొరకుట కష్టమై, ధర హెచ్చుటచే వేరొక చిప్పును చిన్న పలకపై అమర్చి అదే చోట నిలిపిరి. నేడు ఫ్లాపీకి మారుగా గోటియంత మెమరీ కార్డును తగిలించుచున్నారు. యంత్రమునకీ భేదము తెలియదు. తాను ఫలకమునే చదువుచున్నానని దాని భావన.

వీనిలో నెల్ల ఘనమైనది ‘ట్యూబ్’ అను ద్వారము. యంత్రపు అడుగుభాగమున నుండు ఈ ద్వారమునకు రెండవ ప్రాసెసరును తగిలింపవచ్చును. అప్పుడు లోని 6502 ప్రాసెసరు మీటలను, తెరను, ఫలకమును చూచుకొనుచు ఊడిగము చేయును. లెక్క యంతయు వెలుపలి ప్రాసెసరుది. రాబోవు ప్రాసెసరులెట్టివో తెలియకయే వాని కొరకు ద్వారము తెరచియుంచిన ఆ దూరదృష్టిని మేము మెచ్చుకొనకుండ నుండలేము.

ఆ ద్వారముననే చరిత్ర నడచినది. 1983లో ఏకార్న్ వారు సొంత ప్రాసెసరును రూపొందింప బూనిరి. దాని నడకను ముందుగా పరీక్షించుటకు విల్సన్ ఒక ప్రోగ్రామును బి.బి.సి. బేసిక్ భాషలో వ్రాసెను. 1985 ఏప్రిల్ 26వ తేదీన తొలి చిప్పులు వచ్చినవి. మొదటి ప్రయత్నముననే పనిచేసినవి. అది ఎంత కరెంటు త్రాగునో కొలువబోగా మీటరు సున్న చూపినదట. విచారింపగా దానికి విద్యుత్తునిచ్చు తీగయే కలపబడలేదు. సంకేతపు తీగలనుండి జారిన కొలది విద్యుత్తుతోనే అది నడచినది. ఆ చిప్పు పేరు ఆర్మ్. నేడు మన జేబులలోని సెల్‌ఫోన్లను నడుపునవి ఆ వంశమువే.

2012 ఫిబ్రవరి 29వ తేదీన కేంబ్రిడ్జినుండియే ‘రాస్ప్‌బెర్రీ పై’ అను అరచేతి పలక వెలువడెను. అందలి ప్రాసెసరు ఆర్మ్. దాని రకములకు పెట్టిన ‘ఎ’, ‘బి’ పేర్లు బి.బి.సి. మైక్రోను స్మరించి పెట్టినవే. ఇప్పుడు ఔత్సాహికులు ఆ పలకనే తెచ్చి పాత యంత్రపు ట్యూబ్ ద్వారమునకు తగిలించుచున్నారు. పాతది 5 వోల్టులది, క్రొత్తది 3.3 వోల్టులది, నడుమ వోల్టులను సరిచూచు చిన్న మెట్టు కావలెను. అంతే. మనుమడు వచ్చి తాత భుజము క్రింద చేయి వేసినట్లున్నది. ఇది మాకు సమ్మతమైన పెంపుదల. ఏలయన ఏ తీగయు తెగలేదు, ఏ చిప్పును తీసివేయలేదు. లోని పలకనంతను పెరికి పారవేసి ఖాళీ పెట్టెలో క్రొత్త కంప్యూటరును దూర్చుట మరియొక వేడుక. దానిని మేము జీర్ణోద్ధరణమనజాలము.

ఇంత శ్రమ యెందులకని అడుగువారికి ‘డోమ్స్‌డే’ ఉదంతము చెప్పవలెను. 1086లో ఇంగ్లండు రాజు వ్రాయించిన భూముల లెక్కకు తొమ్మిదివందల యేండ్లు నిండిన సందర్భమున, 1986లో బి.బి.సి. ఆ దేశపు జీవితమును క్రొత్తగా నమోదు చేయించినది. పదిలక్షల మందికి పైగా, అందు ముఖ్యముగా బడిపిల్లలు, తమ యూళ్లను గూర్చి వ్రాసిరి. దానినంతను లేజరు ఫలకములపై నిక్షేపించి, బి.బి.సి. మైక్రో తమ్ముడైన ‘మాస్టర్’ యంత్రముతో చదువునట్లు చేసిరి. పదునైదేండ్లు తిరుగకమునుపే ఆ ఫలకములను చదువు యంత్రములు అపురూపమైపోయినవి. 1086 నాటి చర్మపత్రములను మాత్రము నేటికిని చదువవచ్చును. తంజావూరు సరస్వతీ మహలులోని తెలుగు తాళపత్రములకు లిపి యెరిగిన కన్ను చాలును. ఈ ఫలకములకు యంత్రమే కన్ను. 2002లో లీడ్స్, మిచిగన్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు పాత యంత్రమును అనుకరించు ప్రోగ్రాము వ్రాసి వానిని మరల చదివించిరి. అనుకరణ సరిగా నున్నదో లేదో తేల్చుటకు సరిపోల్చవలసినది మరల పాత యంత్రమే.

మన పాఠశాలల పాత బీరువాలలో ఆనాటి బడిపిల్లలు ప్రోగ్రాములు వ్రాసికొన్న ఫ్లాపీలు ఎచ్చటనైన మిగిలియుండవచ్చును. వాని అయస్కాంతపు పూత తేమకు బూజుపట్టును, రాలిపోవును. అట్టివి కనబడినచో వానిని పొడిచోట నుంచవలెను. వెంటనే యంత్రములో పెట్టి త్రిప్పరాదు. బూజు శుభ్రపరచి, మొదటి పర్యాయముననే ప్రతి తీసికొనవలెను. యంత్రము కూడ దొరకినచో, ప్లగ్గు పెట్టుటకు ముందే ఆ రెండు కెపాసిటర్లను తెలిసినవారిచే మార్పింపవలెను.