ఇనుపదీపము, మట్టిప్రమిద

ఇంటిలో ఒక వస్తువు పోయినప్పుడు మనకు నష్టమగునది ఆ వస్తువొక్కటియే కాదు. ఆ పూట అన్నము, ఆ రాత్రి నిద్ర, ఒక్కొక్కప్పుడు ఇరుగుపొరుగువారి స్నేహముకూడ దానివెంటనే పోవును. ఈ రెండవ నష్టము దొంగ చేసినది కాదని సుమారు 1,900 ఏండ్లక్రిందట బోధించిన ఒక బానిసను గూర్చి మీకు మనవి చేసెదను.

అతని పేరు ఎపిక్టెటసు. క్రీ. శ. 50 ప్రాంతమున, నేటి తుర్కీదేశములోని హైరాపోలిసు పట్టణమున జన్మించెను. రోమునగరమున ఒక ధనికునకు బానిసయై, కుంటికాలితో కాలము గడపుచునే మ్యుసోనియసు రూఫసను గురువునొద్ద స్తోయికుల తత్త్వము నభ్యసించెను. ఈ తత్త్వమును క్రీ. పూ. 300 ప్రాంతమున సైప్రసు ద్వీపవాసియగు జీనో ఏథెన్సునగరమున అంగడివీధి ప్రక్కనున్న చిత్రమంటపములో బోధింప నారంభించెను. గ్రీకుభాషలో అట్టి మంటపమునకు 'స్తోవా' యని పేరు. మన యూరి రచ్చబండవలె నది పదుగురు చేరుచోటు.

దొమిషియను చక్రవర్తి తత్త్వవేత్తలను రోమునుండి వెడలగొట్టగా, అప్పటికే దాస్యవిముక్తుడైన ఎపిక్టెటసు గ్రీసుదేశపు పడమటి తీరమున నికోపోలిసులో పాఠశాల నెలకొల్పెను. అతడు స్వయముగా నేమియు వ్రాయలేదు. శిష్యుడగు ఆరియను వ్రాసియుంచిన బోధలే మనకు దక్కినవి. వాని సారమిది: మన తలంపు, మన కోరిక, మన ప్రయత్నము మన యధీనములు. దేహము, ధనము, పదవి, పరులనోటి మాట మన యధీనములు కావు.

అతడు గృహదేవతలచెంత నుంచిన ఇనుపదీపమును ఒకనాడు దొంగ యెత్తుకొనిపోయెను. అతడు వగవక, రేపు మట్టిప్రమిద తెచ్చుకొందునని యూరకుండెను. దీపముకొఱకు దొంగ తన విశ్వసనీయతనే వెలగా నిచ్చుకొనెనని అతని తలంపు. అతడు మరణించిన పిమ్మట ఆ మట్టిప్రమిదను ఒకడు 3,000 ద్రాక్మాలిచ్చి కొనెనని లూషియను పరిహాసముగా వ్రాసెను. దాని వెలుగున చదివిన జ్ఞానియగుదునని కొన్నవాని యాశ!

ప్రమిద కొన్నవానికంటె మాట గ్రహించినవాడు ధన్యుడు. క్రీ. శ. 161 మొదలు 180 వఱకు రోమునేలిన మార్కసు అరీలియసు, ఈ బానిస బోధల ప్రతిని తనకిచ్చిన గురువు రస్టికసునకు తన గ్రంథమున కృతజ్ఞత తెలిపెను. అతని కాలమున మహామారి ప్రబలెను. డాన్యూబు నదీతీరమున యుద్ధములు చెలరేగెను. పెక్కుమంది బిడ్డలు కన్నులయెదుటనే పోయిరి. 175లో కాసియసను సేనాని తిరుగబడి, తన వారిచేతనే హతుడయ్యెను. అతని శిరస్సును కొనిరాగా చక్రవర్తి చూడనొల్లక, దానిని పాతిపెట్టించెను. ఇన్నిటిలోను అతడు రాజ్యభారమును విడువలేదు. శాంతి యనగా చేతులు ముడిచి కూర్చుండుట కాదని దీనివలన తెలియుచున్నది.

అయినను ఒక సందేహము నన్ను విడువలేదు. ఈ చక్రవర్తి తరువాత సింహాసన మెక్కిన కుమారుడు కొమ్మోడసు క్రూరుడై రాజ్యమును చెఱచెను. కుమారుని గుణము తండ్రి చేతిలోనిది కాదనుట నిజమే. కాని వానికి రాజ్యము నొసగుట తండ్రి చేతిలోని పనియే గదా! తత్త్వమంతయు చదివినవాడే హద్దురాయి నాటుటలో పొరబడెనేమో యని నాకు తోచును.

మనము పొరబడునదియు నిచ్చటనే. వాన మన చేతిలో లేదు. చెరువుగట్టు గండి పూడ్చుట మన చేతిలోనిదే. వ్యాజ్యములో తీర్పు మనది కాదు. సాక్ష్యమున నిజము చెప్పుట మనదే. కానిదానికి వగచుట యొక తప్పు. అయినదానిని విధిపై త్రోసి తప్పుకొనుట అంతకంటె పెద్ద తప్పు. ఈ రెంటిని వేఱుపఱచుకొన్న పెద్దమనిషి, దీపము పోయిన రాత్రియు ప్రమిద వెలిగించుకొని సుఖముగా నిద్రించును.