నిందితుడు, దోషి ఒకరేనా? పోలీస్‌ స్టేషన్‌లో వినిపించే ఇంగ్లిష్‌ మాటలకు అర్థాలివీ..

‘మీ పేరు మీద నాన్‌ బెయిలబుల్‌ వారెంట్‌ ఉంది. ఫోన్‌ కట్‌ చేస్తే గంటలో అరెస్ట్‌ చేస్తాం..’ వీడియో కాల్‌లో ఖాకీ డ్రెస్‌ వేసుకున్న వ్యక్తి ఇలా బెదిరిస్తే ఎవరికైనా ముచ్చెమటలు పడతాయి. సైబర్‌ మోసగాళ్లకు ఆ ఇంగ్లిష్‌ మాటలే పెట్టుబడి. నిజంగా స్టేషన్‌ మెట్లెక్కాల్సి వచ్చినా ఈ మాటలతోనే తికమక. పైగా 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్‌), సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్‌ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్‌) వచ్చాయి. సెక్షన్ల నంబర్లూ మారాయి. మోసగాడిని మనం ఇంకా ‘ఫోర్‌ ట్వంటీ’ అనే తిడుతున్నాం కానీ, ఛీటింగ్‌ ఇప్పుడు సెక్షన్‌ 318లో ఉంది. హత్యకు శిక్ష చెప్పే 302 కాస్తా 103 అయింది.

ఫిర్యాదు చేసేటప్పుడు..

కాగ్నిజబుల్‌: హత్య, దోపిడీ లాంటి తీవ్రమైన నేరాలు. కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు కేసు పెట్టి దర్యాప్తు మొదలుపెట్టొచ్చు. నాన్‌ కాగ్నిజబుల్‌ అయితే మేజిస్ట్రేట్‌ ఆదేశం కావాలి.

ఎఫ్‌ఐఆర్‌: కాగ్నిజబుల్‌ నేరంపై పోలీసులు నమోదు చేసే తొలి సమాచారం. ఫిర్యాదుదారుకు దీని కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పోస్టులో పంపొచ్చు. అప్పటికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించొచ్చు.

జీరో ఎఫ్‌ఐఆర్‌: ‘ఇది మా లిమిట్స్‌లోకి రాదు’ అనే మాటకు సమాధానం ఇదే. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు చేయొచ్చు. తర్వాత కేసును సంబంధిత స్టేషన్‌కు బదిలీ చేస్తారు.

ఒకే ఫోన్‌.. నాలుగు నేరాలు

బస్సులో మీ జేబులోంచి ఫోన్‌ కొట్టేస్తే అది థెఫ్ట్‌. బైక్‌ మీద వచ్చి చేతిలోంచి లాక్కుపోతే స్నాచింగ్‌. కత్తి చూపించి లాక్కుంటే రాబరీ. అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కలిసి ఆ పని చేస్తే డెకాయిటీ. ‘డబ్బు పంపకపోతే ఫొటోలు బయటపెడతా’ అని భయపెట్టి వసూలు చేస్తే ఎక్స్‌టార్షన్‌. శిక్షలు కూడా వేర్వేరు. అందుకే జరిగింది జరిగినట్లు రాయండి. దొంగతనం జరిగినప్పుడు ‘ఫోన్‌ పోయింది’ అని రాయొద్దు. పోగొట్టుకోవడం నేరం కాదు కాబట్టి దానిపై ఎఫ్‌ఐఆర్‌ ఉండదు.

ఎవరిని ఏమంటారు?

సస్పెక్ట్‌ అంటే అనుమానితుడు. అక్యూజ్డ్‌ అంటే నిందితుడు, అంటే ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి మాత్రమే. ఎఫ్‌ఐఆర్‌లో కనిపించే ఏ1, ఏ2లు వీళ్లే. కన్విక్ట్‌ అంటే నేరం రుజువైందని కోర్టు తేల్చిన దోషి. కేసు నడుస్తుండగానే ఎవరినైనా వాట్సాప్‌ గ్రూపులో ‘నేరస్థుడు’ అంటూ ఫొటో పెడితే, రేపు పరువునష్టం కేసు మీ మెడకే చుట్టుకోవచ్చు.

అరెస్ట్‌.. రిమాండ్‌.. బెయిల్‌

అరెస్ట్‌ చేసిన వ్యక్తిని ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా మేజిస్ట్రేట్‌ ముందు హాజరుపరచాలి. ఆ తర్వాత కోర్టు ఆదేశంతో కస్టడీలో ఉంచడమే రిమాండ్‌. అది శిక్ష కాదు. జైల్లో ఉంచితే జ్యుడీషియల్‌ కస్టడీ, విచారణకు పోలీసులకు అప్పగిస్తే పోలీస్‌ కస్టడీ. పోలీస్‌ కస్టడీ మొత్తం 15 రోజులకు మించకూడదు.

బెయిలబుల్‌ నేరమైతే బెయిల్‌ పొందడం హక్కు. నాన్‌ బెయిలబుల్‌ అంటే బెయిలే రాదని కాదు, ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు నిర్ణయిస్తుందని అర్థం. అరెస్ట్‌కు ముందే తెచ్చుకునేది యాంటిసిపేటరీ బెయిల్‌, అంటే ముందస్తు బెయిల్‌. నేర తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజుల్లో పోలీసులు చార్జిషీట్‌ వేయకపోతే నిందితుడు డిఫాల్ట్‌ బెయిల్‌ అడగొచ్చు.

తీర్పు రోజున..

విచారణ మొదలవకముందే ఆధారాలు చాలవని వదిలేస్తే డిశ్చార్జ్‌. విచారణ పూర్తయ్యాక నిర్దోషి అని తేలిస్తే అక్విటల్‌.

మూడేళ్లు, అయిదేళ్లు అని రెండు శిక్షలు పడి, అవి ‘కంకరెంట్‌’గా అమలైతే జైల్లో ఉండేది అయిదేళ్లే. ఒకదాని తర్వాత ఒకటైతే ఎనిమిదేళ్లు. యావజ్జీవం అంటే 14 ఏళ్లేనన్నది అపోహ. ప్రభుత్వం శిక్ష తగ్గిస్తే తప్ప అది జీవితాంతం ఉండే శిక్షే. బీఎన్‌ఎస్‌లో కమ్యూనిటీ సర్వీస్‌ కొత్తగా చేరింది. రూ.5 వేల లోపు విలువైన వస్తువును తొలిసారి దొంగిలించి, దాన్ని తిరిగి ఇచ్చేసిన వారికి జైలుకు బదులు సమాజ సేవ చేయమంటారు. పెరోల్‌ మాత్రం విడుదల కాదు. శిక్ష పడిన ఖైదీ షరతులతో కొన్నాళ్లు బయటకు వచ్చి, గడువు ముగియగానే మళ్లీ జైలుకు వెళ్లాలి.

మరి ‘డిజిటల్‌ అరెస్ట్‌’?

పై మాటలన్నీ చట్టంలో, కోర్టుల్లో ఉన్నవే. ఇది మాత్రం ఎక్కడా లేదు. వీడియో కాల్‌లో అరెస్ట్‌ చేసే అధికారం ఏ పోలీసుకూ లేదు. కేసు మూసేయడానికి ఖాతాకు డబ్బు పంపమని ఏ కోర్టూ అడగదు. అలాంటి కాల్‌ వస్తే వెంటనే కట్‌ చేయండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి. ముఖ్యంగా ఒంటరిగా ఉండే అమ్మానాన్నలకు ఈ ఒక్క విషయం ఈరోజే ఫోన్‌ చేసి చెప్పండి. డబ్బు పంపేసి ఉంటే సిగ్గుపడి ఆలస్యం చేయొద్దు. వెంటనే 1930కి ఫోన్‌ చేస్తే ఆ డబ్బును ఖాతాల్లోనే ఆపే అవకాశం ఎక్కువ. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే ఉచిత న్యాయ సహాయం కోసం 15100కు కాల్‌ చేయండి.