ఫ్రిజ్ చెబుతుంది, ఇల్లు చెప్పదు

ఫ్రిజ్ కొనడానికి దుకాణానికి వెళ్తే దాని తలుపు మీద అతికించిన కాగితం రెండు సంగతులు చెబుతుంది: ఆ యంత్రానికి ఎన్ని నక్షత్రాలు వచ్చాయి, ఏడాదికి ఎన్ని యూనిట్ల విద్యుత్తు వాడుతుంది. పాతిక వేల రూపాయల వస్తువు విషయంలో చట్టం కల్పించిన ఈ హక్కు, జీవితకాలపు పొదుపంతా ధారపోసి కొనే ఇంటి విషయంలో లేదు. ఇల్లు కొనేవారు దిక్కు చూస్తారు, వాస్తు చూస్తారు, లింకు డాక్యుమెంట్లు న్యాయవాదికి చూపిస్తారు. అద్దెకు దిగేవారు నీళ్లు వస్తాయా, అడ్వాన్సు ఎంత అని అడుగుతారు. పై అంతస్తు కప్పు మే నెలలో ఎంత కాగుతుందో, పడమటి గదిలో నిద్ర పట్టాలంటే నెలకు ఎంత బిల్లు కట్టాలో చెప్పే కాగితం మాత్రం ఎవరి చేతికీ రాదు.

ఐరోపాలో ఆ కాగితం ఉంది. ఇల్లు అమ్మాలన్నా అద్దెకివ్వాలన్నా దాని ఇంధన సామర్థ్యాన్ని తెలిపే ధ్రువపత్రం చూపవలసిందే. మన దేశంలోనూ అందుకు కావలసిన చట్టం, సంస్థ, కొలమానం మూడూ సిద్ధంగా ఉన్నాయి. ఆ పత్రాన్ని అమ్మకపు దస్తావేజుకూ అద్దె ఒప్పందానికీ ముడిపెట్టే రాజకీయ నిర్ణయమే ఇంకా జరగలేదు. ఎందుకు జరగలేదో తెలియాలంటే ఈ పత్రం పుట్టుక దగ్గరకు వెళ్లాలి.

చమురు కరవులో పుట్టిన పత్రం

1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు సరఫరాను బిగించేనాటికి డెన్మార్క్ తన ఇంధన అవసరాల్లో దాదాపు 90 శాతాన్ని చమురుతోనే తీర్చుకుంటోంది. అందులో దాదాపు అంతా దిగుమతి సరుకే. ఆ చలికాలంలో అక్కడ ఆదివారాలు కార్లు నడపడాన్ని నిషేధించారు. అయితే చలి దేశంలో ఇంధనం కార్లకు మించి గోడల గుండా, కప్పుల గుండా, కిటికీ సందుల గుండా కారిపోతుంది. ఇల్లు వెచ్చగా ఉంచడమే అక్కడ ప్రతి కుటుంబానికీ పెద్ద ఖర్చు. అందుకే 1980లలో ఆ దేశం ఇళ్ల ఉష్ణ తనిఖీలను ప్రవేశపెట్టింది; 1997 నుంచి ఇల్లు అమ్మేటప్పుడు ఇంధన లేబుల్‌ను తప్పనిసరి చేసింది.

అమ్మకం వేళనే ఎందుకు ఎంచుకున్నారన్నది గమనించదగిన విషయం. ఇల్లు చేతులు మారేటప్పుడు కొనేవారికి బేరమాడే బలం ఉంటుంది, అప్పిచ్చే బ్యాంకు పక్కన ఉంటుంది, చేరే ముందే మరమ్మతులు చేయించుకునే వీలుంటుంది. ఆ ఘడియ దాటితే గోడ లోపలి లోపం మళ్లీ ఎవరికీ పట్టదు.

ఐరోపా సమాజం 1992లో ఫ్రిజ్‌ల వంటి గృహోపకరణాల మీద ఇంధన లేబుళ్లకు ఆదేశం ఇచ్చింది. పదేళ్లకు, 2002 డిసెంబరు 16న, భవనాల ఇంధన పనితీరుపై మరో ఆదేశం వెలువడింది. కొత్తగా కట్టినా, అమ్మినా, అద్దెకిచ్చినా గరిష్ఠంగా పదేళ్లు చెల్లే ధ్రువపత్రం ఉండాలన్నది దాని సారాంశం. 2010లో దాన్ని తిరగరాసి, ఇంటి ప్రకటనలోనే ఆ శ్రేణిని పేర్కొనాలన్నారు. ఫ్రిజ్ తలుపు నుంచి ఇంటి గుమ్మం దాకా రావడానికి ఐరోపాకు పట్టిన కాలం పదేళ్లు.

బ్రిటన్‌లో రాజకీయాల పాలై

ఈ పత్రం ఎంత రాజకీయ వస్తువో బ్రిటన్ అనుభవం చెబుతుంది. టోనీ బ్లెయిర్ ప్రభుత్వం 2004 గృహనిర్మాణ చట్టం ద్వారా, ఇల్లు అమ్మేవారు దాని వివరాలన్నీ ఒక కట్టగా కొనేవారికి ఇవ్వాలని నిర్దేశించింది. ఇంధన ధ్రువపత్రం అందులో భాగం. 2007 జూన్‌లో మొదలుకావలసిన ఈ ఏర్పాటు మీద ఆస్తి సర్వేయర్ల వృత్తి సంస్థ కోర్టుకెక్కింది, తనిఖీదారులు తగినంత మంది లేరు, ప్రతిపక్షం విరుచుకుపడింది. ప్రభుత్వం వెనక్కి తగ్గి ఆగస్టులో నాలుగు పడకగదుల ఇళ్లతో మొదలుపెట్టి, డిసెంబరు నాటికి అన్ని ఇళ్లకూ విస్తరించింది. 2010 మేలో అధికారంలోకి వచ్చిన కన్సర్వేటివ్, లిబరల్ డెమోక్రాట్ల సంకీర్ణం కొద్ది రోజులకే ఆ కట్టను నిలిపివేసింది. ఇంధన ధ్రువపత్రం ఒక్కటే బతికి బట్టకట్టింది, ఐరోపా ఆదేశం అండగా ఉండడం వల్ల.

మరో ఎనిమిదేళ్లకు ఆ పత్రానికి కోరలు వచ్చాయి. ఏ నుంచి జీ వరకు ఉన్న ఏడు శ్రేణుల్లో ఈ కంటే దిగువన ఉన్న ప్రైవేటు ఇంటిని 2018 ఏప్రిల్ 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో కొత్తగా అద్దెకివ్వరాదన్నారు; 2020 ఏప్రిల్ నుంచి పాత అద్దెలకూ దీన్ని వర్తింపజేశారు. మినహాయింపులు ఉంచారు, యజమాని పెట్టవలసిన ఖర్చుకు 3,500 పౌండ్ల పరిమితి విధించారు. ఈ శ్రేణిని సీకి పెంచాలన్న ప్రతిపాదనను 2023 సెప్టెంబరులో రిషి సునాక్ పక్కన పెడితే, తరువాత వచ్చిన లేబర్ ప్రభుత్వం మళ్లీ పైకి తీసింది.

ఫ్రాన్స్ మరింత ముందుకు వెళ్లింది. అట్టడుగు శ్రేణి అయిన జీ ఇళ్లను 2025 జనవరి 1 నుంచి కొత్తగా అద్దెకివ్వడానికి వీల్లేదు. ఎఫ్ శ్రేణికి 2028, ఈ శ్రేణికి 2034 గడువులు. తొందరపాటు ఫలితమూ అక్కడే కనిపించింది. లెక్క కట్టే పద్ధతి చిన్న ఇళ్లకు అన్యాయం చేస్తోందని తేలడంతో, 40 చదరపు మీటర్ల లోపు ఇళ్లకు 2024 జులైలో సూత్రాన్ని సవరించవలసి వచ్చింది. చిన్న గదుల్లో ఉండేది విద్యార్థులు, ఒంటరివారు, తక్కువ జీతగాళ్లు. కొలతలో తప్పు జరిగితే దెబ్బ మొదట తగిలేది వారికే.

జర్మనీ వేరే దారి పట్టింది. ఇల్లు వెచ్చబెట్టే ఇంధనం మీద వేసే కర్బన రుసుమును 2023 జనవరి నుంచి యజమాని, అద్దెదారు పంచుకోవాలన్నారు. ఇల్లు ఎంత అధ్వానంగా ఉంటే యజమాని వాటా అంత ఎక్కువ; పది మెట్ల పట్టికలో చిట్టచివరి మెట్టున అది 95 శాతం. ఈ చట్టం అసలు సమస్యను సూటిగా పట్టుకుంది. గోడ ఎలా ఉండాలో నిర్ణయించేది ఒకరు, ఆ గోడకు జీవితాంతం బిల్లు కట్టేది ఇంకొకరు.

మన ప్రస్థానం

మందపాటి మట్టి గోడల మీద పెంకులు కప్పిన ఇంట్లో, మధ్యలో ఆకాశం కనిపించే మండువా లోగిలిలో ఉన్నవారికి ధ్రువపత్రం అక్కరలేకపోయింది. ఆ ఊరి ఎండకు ఆ ఊరి మేస్త్రీ కట్టిన ఇల్లు అది. ఊరూరా ఒకే రకం కాంక్రీటు కప్పు, పలుచని గోడ, నీడలేని అద్దపు కిటికీ వచ్చాక ఇంటిని చూసి దాని వేడిని పోల్చుకోవడం సాధ్యం కాకుండా పోయింది.

వాజపేయి ప్రభుత్వ కాలంలో వచ్చిన 2001 ఇంధన పొదుపు చట్టం 2002 మార్చి 1న అమల్లోకి వచ్చింది. దాని కింద బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. 2006 మేలో ఉపకరణాలకు నక్షత్రాల పథకం మొదలైంది. 2010 జనవరి నుంచి ఏసీలకు, ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకు అది తప్పనిసరి అయింది. భవనాల విషయానికి వస్తే 2007 మేలో తొలి ఇంధన పొదుపు భవన స్మృతి వెలువడింది. అది వాణిజ్య భవనాలకే పరిమితం, అదీ 500 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ ఉన్నవాటికి. 2010 సవరణ ఆ పరిమితిని 100 కిలోవాట్లకు దించింది. ఇల్లు ఊసులో లేదు.

ఇళ్ల కోసం ఎకో నివాస్ సంహిత 2018 డిసెంబరు 14న వచ్చింది. దాని నిబంధనలు చదివితే, సామాన్యుడు కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్నలన్నీ అందులో కనిపిస్తాయి. శీతల ప్రాంతాలు మినహా దేశమంతటా గోడలు, కిటికీల గుండా లోపలికి వచ్చే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు మించరాదు. కప్పుకు విడిగా ఒక హద్దు ఉంది. తేమతో కూడిన వేడి ప్రాంతాల్లో తెరుచుకునే కిటికీలు, తలుపుల విస్తీర్ణం నేల విస్తీర్ణంలో ఆరో వంతు ఉండాలి. కానీ ఈ సంహిత 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే నివాసాలను ఉద్దేశించినది. పైగా రాష్ట్రం స్వీకరించి, పురపాలక నిబంధనల్లో చేర్చితే తప్ప దానికి బలం లేదు.

2019 ఫిబ్రవరిలో నివాస గృహాలకూ నక్షత్రాల లేబుల్ ప్రకటించారు. కొత్త ఇంటికీ పాత ఇంటికీ వర్తిస్తుంది. విస్తీర్ణపు షరతు లేదు. ఐరోపా పత్రానికి మన దగ్గర సమానమైనది ఇదే. అయితే ఇది ఐచ్ఛికం. తన ఇంటికి ఒక నక్షత్రమే వస్తుందని తెలిసిన అమ్మకందారు దాని కోసం దరఖాస్తు చేయడు కదా!

2022 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణ, తొలిసారిగా పెద్ద నివాస భవనాలను చట్టం పరిధిలోకి తెచ్చింది. 100 కిలోవాట్లు, అంతకు మించిన కనెక్టెడ్ లోడ్ ఉండాలన్నది షరతు. రాష్ట్రాలు ఆ పరిమితిని తగ్గించుకోవచ్చు. ఫ్లాటుకు ఐదు కిలోవాట్లు అనుకుంటే ఇరవై ఫ్లాట్ల సముదాయం ఈ గీతను అందుకుంటుంది. మూడంతస్తులు కట్టి రెండు అద్దెకిచ్చే మధ్యతరగతి ఇల్లు దీని కిందికి రాదు. నగరాల్లో అద్దెదారులు పెద్ద సంఖ్యలో ఉండేది అలాంటి ఇళ్లలోనే.

పక్కనే ఉన్న రెండు చట్టాలు

కొనుగోలుదారుకు సమాచారం ఇప్పించడం మన చట్టాలకు తెలియని విద్య కాదు. ఒకప్పుడు మెట్లూ వరండాలూ కలిపి సూపర్ బిల్టప్ పేరుతో ఫ్లాట్లు అమ్మేవారు. 2016 రెరా చట్టం కార్పెట్ ఏరియాను నిర్వచించి, ఆ లెక్కన చెప్పమంది. బిల్డర్లు గగ్గోలు పెట్టినా సర్దుకున్నారు. అదే చట్టం స్థల హక్కులు, అనుమతులు, గడువులు వెల్లడించమంది గానీ ఇల్లు ఎంత వేడెక్కుతుందో చెప్పమనలేదు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం వెల్ల వేయించేది యజమాని అనీ, కుళాయి వాషర్ మార్చుకునేది అద్దెదారు అనీ పట్టిక కట్టి మరీ చెప్పింది. కప్పు వేడి ఎవరి బాధ్యతో చెప్పలేదు.

తెలుగు రాష్ట్రాలకు ఈ రంగంలో చెప్పుకోదగ్గ గతమే ఉంది. అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన తొలి భవనం హైదరాబాద్‌లోనిదే. 2004లో అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. విభజనకు ముందు, 2014 ఆరంభంలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాణిజ్య భవనాల స్మృతిని స్వీకరించింది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించి, 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లోని ఇళ్లకు తప్పనిసరి చేసింది. మళ్లీ అదే 600 గజాల గీత. కార్యాలయాలకూ కలవారి ఇళ్లకూ వచ్చిన నియమం వంద గజాల ఇంటి గడప ముందు ఆగిపోతోంది.

ఏం కొలవాలి, ఎవరు చేయాలి

రాజ్యాంగం అడ్డు కాదు. ఆస్తి బదిలీ, దస్తావేజుల రిజిస్ట్రేషన్, విద్యుత్తు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి; స్థానిక పాలన రాష్ట్రాల చేతిలోనే ఉంది. ఢిల్లీ కోసం ఎదురుచూడకుండా ఏ రాష్ట్రమైనా తొలి అడుగు వేయవచ్చు. ప్రతి కాగితమూ మామూళ్లకు కొత్త దారి అవుతుందన్న భయం నిజమైనదే. దానికి విరుగుడు తనిఖీ నివేదికలను అందరికీ కనిపించేలా ఉంచడం, కొన్నింటిని మళ్లీ కొలిచి చూడడం. కాగితమే వద్దనుకోవడం విరుగుడు కాదు.

ఐరోపా నుంచి తెచ్చుకోకూడనిది ఒకటుంది: వాడిన ఇంధనాన్ని బట్టి ఇంటికి మార్కులు వేయడం. అక్కడ చలికి వెచ్చబెట్టుకోని ఇల్లు అరుదు. ఇక్కడ రేకుల కప్పు కింద ఒక్క ఫ్యానుతో మే నెల గడిపే కుటుంబానికి బిల్లు చాలా తక్కువ వస్తుంది. ఆ బిల్లును చూసి ఐదు నక్షత్రాలు ఇస్తే అంతకంటే క్రూరమైన పరిహాసం ఉండదు. ఆ ఇల్లు వాడని విద్యుత్తును ఆ ఇంటివారి ఒళ్లు భరిస్తోంది. అందుకే మన పత్రం మీటరును గాక గోడనూ, కప్పునూ, కిటికీనీ కొలవాలి. ఎకో నివాస్ సంహిత ఆ కొలతలు ఇప్పటికే రాసి పెట్టింది.

దేశంలో శీతలీకరణ అవసరం 2017-18తో పోలిస్తే 2037-38 నాటికి ఎనిమిది రెట్లు కావచ్చని కేంద్రం 2019లో ప్రకటించిన కార్యాచరణ ప్రణాళికే అంచనా వేసింది. ఆ భారం ఎంతవుతుందో నిర్ణయించే గోడలు ఇప్పుడు లేస్తున్నాయి. నిషేధాలు, జరిమానాలు తరువాతి మాట. ముందు అమ్మకపు దస్తావేజుకూ అద్దె ఒప్పందానికీ ఒక్క పేజీ జతచేయాలి. వేసవి మధ్యాహ్నం ఆ ఇల్లు ఎలా ఉంటుందో, సంతకం పెట్టే ముందే కొనేవారికీ అద్దెకు దిగేవారికీ తెలియాలి.