కొల్లము: త్రాసు, పీఠము

కేరళ తీరమునందలి కొల్లము మధ్యయుగమున మిరియములకు పేరుపొందిన రేవు. పారశీకులు, అరబ్బులు, యూదులు, చీనావారు అచ్చట బేరము లాడిరి. 825లో ఆరంభమైన మలయాళ శకమునకు ఆ పట్టణము పేరే నిలిచినది. భారతదేశమున రోమను కథోలిక సంప్రదాయపు మొదటి బిషప్పు పీఠము ఏర్పడిన పట్టణమును అదియే. అయినను అచ్చటి క్రైస్తవులను శతాబ్దముల తరబడి నిలిపినది ఆ పీఠమేనా? ఈ ప్రశ్నను మనము కొంచెము పరిశీలింతము.

849లో, చేరరాజు స్థాణురవి కాలమున, వేణాటి ప్రభువు అయ్యనడిగళ్ కొల్లములోని తరిసాపల్లి అను క్రైస్తవ దేవాలయమునకు రాగి రేకులపై శాసనము వ్రాయించి యిచ్చెను. భూమి, దానిని ఆశ్రయించిన కుటుంబములు, పన్నుల మినహాయింపు ఆ దానములో చేరినవి. అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. పట్టణపు తూనికలు, కొలతలు దేవాలయము అధీనమున నుండవలెనని ప్రభువు ఆజ్ఞాపించెను. సాక్షులు అరబ్బీ, పహ్లవీ, హీబ్రూ లిపులలో చేవ్రాళ్ళు చేసిరి. వారిలో ముస్లిములు, జరతుష్ట్ర మతస్థులు, యూదులు, క్రైస్తవులు కలరు.

1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనము నెఱిగిన మనకు ఈ రాజనీతి క్రొత్తది కాదు. గాలివానకు చెడివచ్చిన ఓడల సొత్తును దోచుకొనక, నిర్ణీత సుంకము మాత్రమే గ్రహింతునని ఆయన వర్తకులకు మాట యిచ్చెను. పరదేశి నమ్మకమే రేవునకు ప్రాణమని ఇరువురు ప్రభువులును ఎఱుగుదురు.

ఇక పీఠము సంగతి. డొమినికన్ సన్న్యాసి జోర్డానస్ 1321లో నలుగురు ఫ్రాన్సిస్కన్ సహచరులతో నేటి ముంబయి చెంతనున్న ఠాణాకు వచ్చెను. ఆ నలుగురును అచ్చటనే వధింపబడిరి. ఆయన ఒంటరియై కొంతకాలము ఈ దేశముననే మతప్రచారము చేసెను. 1329 ఆగస్టు 9న పోపు 22వ జాన్ ఫ్రాన్సులోని అవిన్యోన్ నగరమునుండి కొల్లమును బిషప్పు పీఠముగా ప్రకటించి, కొలది దినములలోనే జోర్డానస్‌ను దానికి నియమించెను. ఆయనను ఆదరింపుమని 1330లో కొల్లపు నస్రాణి క్రైస్తవుల పెద్దకు లేఖ వ్రాసెను. ఆ నస్రాణులు ఏనాటినుండియో పారశీక సంఘముతో సంబంధము గలిగి సిరియాక్ భాషలో ఆరాధించుచున్నవారు. జోర్డానస్ మరల కొల్లము చేరెనో లేదో చరిత్రకారులు నిర్ధారింపలేకపోయిరి. ఆ పీఠము తిరిగి నెలకొన్నది 1886లోనే.

1348 ప్రాంతమున చీనానుండి మరలుచు పోపు ప్రతినిధి మారిన్యొల్లి కొల్లమున సంవత్సరమునకు పైగా వసించెను. మిరియముల తూనిక నస్రాణుల చేతిలో నున్నదనియు, ఆ రాబడినుండి తనకు నెలకు 100 బంగారు పణములు ముట్టుచుండెననియు ఆయన వ్రాసెను. ఐదువందల ఏండ్ల క్రితము రేకుపై చెక్కిన హక్కు వంటిదే అప్పటికిని చెల్లుచుండెను.

దూరదేశపు లేఖ కొల్లమునకు పీఠము నొసగినది. త్రాసు నొసగినది మాత్రము స్థానిక ప్రభువు. దానికి సాక్షులైనవారిలో అన్యమతస్థులగు ఇరుగుపొరుగు వర్తకులు కలరు. తూనికలో మోసము జరిగినచో మొట్టమొదట నష్టపోవువారును వారే. అట్టివారు నమ్మి చేసిన చేవ్రాళ్ళు గల ఆ రాగి రేకులు నేటికిని కేరళలోని క్రైస్తవ సంఘముల భద్రతలో నున్నవి.